లక్క ప్లేటు మీద లలితగీతం

సినిమా కోసం కాక, రికార్డుగా అమ్మడం కోసమే రాయించి, వరుస కట్టించి, పాడించిన పాటను తెలుగువారు చాలాకాలంగా 'ప్రైవేటు పాట' అంటున్నారు. దాని సాహిత్యంలో భావకవిత్వపు వాసన, వరుసలో రాగచ్ఛాయ, నడకలో నేర్చుకోవడానికి వీలైన సౌలభ్యం ఉన్నప్పుడు ఆకాశవాణి దానికే 'లలిత సంగీతం' అనే గౌరవనామం పెట్టింది. శాస్త్రీయ సంగీతాన్ని నిలబెట్టడానికి గురుపరంపరలు, కళాశాలలు, సభలు ఉన్నాయి. జానపదానికి పాడే ఊళ్లూ, ఏరి దాచే పరిశోధకులూ ఉన్నారు. సినిమా పాటకు అంగడి ఉంది. ఈ మూడింటి నడుమ పుట్టిన ఆధునిక గీతానికి మాత్రం గ్రామఫోన్ కంపెనీ తప్ప పుట్టిల్లు లేదు, రేడియో తప్ప అత్తిల్లు లేదు. అందుచేత దాని చరిత్రను కవుల చరిత్రగానో గాయకుల చరిత్రగానో రాస్తే సగం రాసినట్టే అవుతుంది. ఏ కంపెనీ ఎవరిని పిలిచింది, ఎంతసేపు పాడనిచ్చింది, ప్లేటు నడుమ అంటించిన గుండ్రని కాగితం మీద ఎవరి పేరు అచ్చువేసింది, దేనిని మళ్లీ ముద్రించింది, దేనిని మరిచిపోయింది అన్నవి అందులో మొదట అడగవలసిన ప్రశ్నలు. ఈ చరిత్రలో విశాఖపట్నం, విజయనగరం, సాలూరు ప్రాంతాల వాటా చాలా పెద్దది, కాని ఆ వాటాను ఒకచోట చేర్చి చూసిన సందర్భాలు తక్కువ.

గ్రామఫోన్ కంపెనీ 1898లో లండన్‌లో ఏర్పడింది. ఆ కంపెనీ తరఫున ఫ్రెడరిక్ గైస్‌బర్గ్ అనే శబ్దగ్రాహకుడు 1902లో కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలైనవారి గానాన్ని పట్టుకున్నాడు. అప్పటి ప్లేట్లు జర్మనీలోని హానోవర్ కర్మాగారంలో తయారయ్యేవి గనుక, అక్కడి పనివారికి ఏ ప్లేటు ఎవరిదో తెలియడం కోసం గాయకులు పాట చివర తమ పేరు తామే చెప్పుకునేవారు. ఆ అలవాటును ఈనాటి శ్రోతలు ముచ్చటగా వింటారు గాని, అది పుట్టింది మాత్రం కర్మాగారపు అవసరం నుంచే. 1908 నాటికి కలకత్తాలోని సియాల్దాలో, తరువాత డమ్‌డమ్‌లో కంపెనీ సొంత కర్మాగారాలు పెట్టుకోవడంతో ప్లేట్ల తయారీ ఈ దేశానికే మారింది. ప్లేటుకు ముడిసరుకు లక్క. అంటే చెట్ల కొమ్మల మీద లక్కపురుగు కట్టుకునే జిగురు. తూర్పు, మధ్య భారతపు అడవుల్లో సేకరించిన ఆ జిగురును శుద్ధిచేసి, రాతిపొడీ నల్లరంగూ కలిపి, వేడిమీద అచ్చుల నడుమ ఒత్తితే రికార్డు తయారయ్యేది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పది అంగుళాల ప్లేటులో ఒక్కో వైపు పట్టే పాట మూడు నిమిషాలకు కొంచెం పైన మాత్రమే. ఉక్కు ముల్లు గీతల వెంట నడిచేటప్పుడు ముల్లూ అరిగేది, గీతా అరిగేది. ముల్లును ప్రతి పాటకూ మార్చుకోవచ్చు గాని, గీతను మార్చే మార్గం లేదు.

ఈ మూడు నిమిషాల కొలత తెలుగు సంగీతం మీద చూపిన ప్రభావాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. ఆదిభట్ల నారాయణదాసు గజ్జెకట్టి నిలబడితే హరికథ గంటల తరబడి సాగేది. రాగాలాపన, నెరవు, స్వరకల్పన ఉన్న కచేరీ రాత్రి పొద్దుపోయేదాకా నడిచేది. వీటిలో ఏదీ ప్లేటులో పట్టదు. అందులో కుదురుగా ఇమిడినది మొదట నాటక పద్యం: నాలుగు పాదాలు, చివర దీర్ఘమైన రాగం, మూడు నిమిషాల లోపల ముగింపు. కాబట్టి తొలి దశాబ్దాల తెలుగు రికార్డుల్లో రంగస్థల నటుల పద్యాలు రాజ్యమేలడం కంపెనీల అభిరుచి వల్ల మాత్రమే జరిగినది కాదు, ప్లేటు స్వభావమే వాటిని కోరుకున్నది. పద్యం తరువాత ఆ కొలతకు అంత సహజంగా సరిపోయినది, లేదా ఆ కొలత కోసమే తనను తాను తీర్చుకున్నది, పల్లవీ రెండు మూడు చరణాలూ గల గేయం. 1925 తరువాత మైక్రోఫోన్‌తో పాటను పట్టే విద్యుత్ పద్ధతి వచ్చాక, వెనక వరుసకు వినపడేటట్టు పాడే రంగస్థల కంఠం అవసరం తగ్గి, చెవి దగ్గర కూర్చుని పాడినట్టుండే మెత్తని గొంతుకు విలువ పెరిగింది. 'లలిత' అన్న విశేషణం సాహిత్యానికి ఎంత చెల్లుతుందో, మైక్రోఫోన్ వల్ల వీలైన ఈ గాత్రానికీ అంతే చెల్లుతుంది.

ఆ గాత్రాన్ని తయారుచేసిన నేల విజయనగరం. విజయనగర సంస్థానాధీశులైన పూసపాటి వారు 1919లో అక్కడ స్థాపించిన సంగీత కళాశాలకు నారాయణదాసు తొలి అధ్యక్షుడు. వయొలిన్ ఆచార్యుడిగా చేరిన ద్వారం వేంకటస్వామి నాయుడు 1936లో ఆయన తరువాత అధ్యక్షుడయ్యాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఇంటింటా మధూకరం ఎత్తుకుని, అంటే వండిన అన్నం అడిగి తెచ్చుకుని తింటూ చదువుకున్న ఘంటసాల వెంకటేశ్వరరావుకు ఆశ్రయమిచ్చి విద్య నేర్పినవాడు సాలూరికి చెందిన పట్రాయని సీతారామశాస్త్రి. పి. సుశీల పుట్టినదీ, సంగీతం నేర్చుకున్నదీ విజయనగరంలోనే. ఆకాశవాణి శ్రోతలకు సుపరిచితురాలైన శ్రీరంగం గోపాలరత్నం కూడా ఆ జిల్లా బిడ్డే. ఒకే చిన్న ప్రాంతం నుంచి, ఒకటి రెండు తరాల వ్యవధిలో, మైక్రోఫోన్ ముందు నిలబడగల ఇన్ని గొంతులు రావడానికి కళాశాల ఒక్కటే కారణమని చెప్పలేము. రాగాన్ని ఆర్భాటంగా విస్తరించడం కన్నా నాదాన్ని శుద్ధంగా పలికించడానికి ప్రాధాన్యమిచ్చిన ద్వారం వారి బాణీ ఆ గాలిలో ఉండడం కూడా ఒక కారణమని భావించడం సమంజసంగా ఉంటుంది.

భూగోళం మరొక కారణం. విశాఖపట్నం రైల్వే స్టేషన్‌ను ఒకప్పుడు వాల్తేరు అనేవారు. కలకత్తా నుంచి దిగివచ్చే బెంగాల్-నాగపూర్ రైల్వే, మద్రాసు నుంచి పైకి వచ్చే రైల్వే అక్కడ కలిసేవి. ప్లేట్లు ఒత్తే కర్మాగారం కలకత్తాలో, తెలుగు పాటలు పట్టే స్టూడియోలు ఎక్కువగా మద్రాసులో ఉన్న రోజుల్లో ఈ కూడలికి రెండు నగరాలూ అందుబాటులో ఉండేవి. గోదావరి, కృష్ణా జిల్లాల కళాకారుడికి మద్రాసు దారి ఎంత సహజమో, ఉత్తరాంధ్ర కళాకారుడికి కలకత్తా దారీ దాదాపు అంత సహజం. తెలుగు లలితగీతంలోకి వంగదేశపు మార్దవం వచ్చి చేరిన తీరును ఈ రైలుమార్గాన్ని వదిలి వివరించడం కష్టం.

ఆ దారిన వెళ్లినవారిలో ముఖ్యుడు సాలూరి రాజేశ్వరరావు. ఆయన 1922లో సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టాడు. ఆ ఊరు అప్పుడు విశాఖపట్నం జిల్లాలోనిది. తండ్రి సన్యాసిరాజు ద్వారం వారికి మృదంగ సహకారం అందించిన విద్వాంసుడు. పదేళ్లు దాటీ దాటకముందే రాజేశ్వరరావు గొంతు హచ్చిన్స్ అనే కంపెనీ ప్లేట్ల మీదికి ఎక్కింది. ఆ పేరు వల్లనే 1935లో వచ్చిన 'శ్రీకృష్ణ లీలలు' చిత్రంలో బాలకృష్ణుడి పాత్ర దక్కింది. సినిమా రికార్డును పుట్టించిన కాలం తరువాతిది. ఇక్కడ రికార్డే సినిమా నటుణ్ణి పుట్టించింది. ఆ తరువాత కలకత్తాలో గడిపిన కాలంలో న్యూ థియేటర్స్ సినిమా సంస్థ చుట్టూ ఉన్న పంకజ్ మల్లిక్, ఆర్.సి. బోరల్, కె.ఎల్. సైగల్ వంటివారి సంగీతం ఆయన చెవిని తీర్చిదిద్దింది. పియానో మీటలకూ రాగానికీ పొత్తు కుదర్చడం, వాద్యాలను గాత్రానికి పోటీగా కాక నేపథ్యంగా పరచడం, ఒక్కో మాట దగ్గర ఆగి ఆ మాటకు తగిన ఊపిరి ఇవ్వడం ఆయన అక్కడ గ్రహించిన విద్యలు.

1940లలో ఆయన ఒంటరిగానూ, ఆర్. బాలసరస్వతీదేవితో కలిసీ పాడిన ప్రైవేటు పాటలు తెలుగులో లలితగీతానికి రూపం ఏమిటో నిర్ణయించాయని చెప్పడం అతిశయోక్తి కాదు. అంతకు ముందు ప్లేట్ల మీద కృతులున్నాయి, పద్యాలున్నాయి, దేశభక్తి గేయాలున్నాయి, జావళీలున్నాయి. ఒక యువకుడూ ఒక యువతీ కృష్ణుడి పేరు పెట్టుకుని గాని, ఏ పేరూ లేకుండా గాని, మూడు నిమిషాల్లో ఒక మనఃస్థితిని పాటగా కట్టి వినిపించడం మాత్రం కొత్త. ఆ పాటల్లో రాగం ఉంది, కాని రాగం పేరు చెప్పుకోవలసిన అవసరం లేదు. బాలసరస్వతీదేవి చిన్నతనంలోనే రికార్డులకు పాడిన గాయని; ఆమె గొంతులోని వణుకులేని సన్నదనం ఆనాటి మైక్రోఫోన్‌కు వరం. బాలాంత్రపు రజనీకాంతరావు మద్రాసు రేడియో నుంచి ఈ ఉద్యమానికి కవిగా, స్వరకర్తగా తోడయ్యాడు. ఈ కాలపు పాటల మీద విడిగా ఒక గ్రంథమే రావలసి ఉంది.

ఇక్కడ ఒక దూరదేశపు వాద్యాన్ని గురించి చెప్పుకోవాలి. ఆ దశాబ్దాల కలకత్తా, మద్రాసు వాద్యబృందాల్లో హవాయియన్ గిటార్ ఒక స్థానం సంపాదించుకుంది. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు అనే యువకుడు పందొమ్మిదో శతాబ్దం చివర గిటార్‌ను ఒడిలో పడుకోబెట్టి, వేళ్లతో మెట్లు నొక్కడానికి బదులు ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ వాయించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శన తరువాత అమెరికాలో హవాయి రికార్డులు విపరీతంగా అమ్ముడుపోయాయి. దీవుల సంగీతకారులు దేశదేశాలు తిరిగారు, వారిలో టావు మోయి కుటుంబం కొన్నేళ్లు కలకత్తాలోనే కాపురమున్నది. స్వరం నుంచి స్వరానికి తెగకుండా జారగలగడమే భారతీయ సంగీతానికి ప్రాణమైన గమకం గనుక, ఈ వాద్యం ఇక్కడ పరాయిగా తోచలేదు. తీగల మీద కొయ్య ముక్కను జార్చి వాయించే గోటువాద్యం ఎరిగిన దక్షిణాదివారికి అది చుట్టరికమున్న వాద్యమే. బ్రిజ్‌భూషణ్ కాబ్రా దానిని హిందుస్తానీ కచేరీ వేదిక ఎక్కించాడు. విశ్వమోహన్ భట్ దాని నుంచి మోహనవీణను రూపొందించాడు. చిన్న దీవుల సంగీతం ఇంత దూరం ప్రయాణించినది మనుషుల వెంట కొంత, లక్క ప్లేటు మీద చాలా.

ప్లేటు వల్ల ఒక పాట ఎంత ఎత్తుకు పోగలదో తెలుగులో చూపించినది శంకరంబాడి సుందరాచారి రాసిన 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ'. 1942 నాటి 'దీనబంధు' చిత్రం కోసం రాసిన ఆ గీతాన్ని చిత్రంలో వాడుకోలేదు. గ్రామఫోన్ కంపెనీ ముద్ర అయిన హెచ్.ఎం.వి. టంగుటూరి సూర్యకుమారి చేత పాడించి విడుదల చేయకపోయి ఉంటే, అది నిర్మాత చిత్తుకాగితాల్లో కలిసిపోయి ఉండేది. చిత్రం వద్దనుకున్న పాట ప్లేటు ద్వారా ఇంటింటికీ, బడి బడికీ చేరి, 1975లో హైదరాబాదులో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల నాటికి రాష్ట్ర గీతం స్థాయికి ఎదిగింది. ఘంటసాల విషయంలోనూ రికార్డు పాత్ర ఇంతే గొప్పది: జంధ్యాల పాపయ్యశాస్త్రి రాసిన 'పుష్పవిలాపం' పద్యాలు పుస్తకంలో చదివినవారికన్నా ప్లేటు మీద విన్నవారే ఎన్నో రెట్లు ఎక్కువ, ఘంటసాల మరణించిన 1974లోనే విడుదలైన భగవద్గీత రికార్డు ఈనాటికీ ఆంధ్రదేశంలో వినిపించని ఊరు లేదు. చరిత్ర దృష్టితో చూస్తే ఇవి రెండూ సినిమా పాటలు కావన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

ఆ తరువాత కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1950లు వచ్చేసరికి సినిమా పాట కంపెనీలకు సులభమైన వ్యాపారమైంది. ప్రచారం ఖర్చు నిర్మాతది, స్టూడియో ఖర్చు నిర్మాతది, అమ్మకం మాత్రం కంపెనీది. ప్రైవేటు పాటకు ఆ ఖర్చంతా కంపెనీయే పెట్టుకోవాలి. రాజేశ్వరరావు ప్రతిభ 'మల్లీశ్వరి', 'మిస్సమ్మ', 'విప్రనారాయణ' చిత్రాలకు మళ్లింది. లలితగీతపు సొగసే సినిమాలోకి వలసపోయిందని అనవచ్చు. 1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటను ఆకాశవాణికి దూరం పెట్టినప్పుడు, శ్రోతలు సిలోన్ రేడియో వైపు తిరిగి మీనాక్షి పొన్నుదురై తెలుగు ప్రకటనలకు అలవాటుపడ్డారు. కాని ఆ నిర్ణయం వల్లనే ఆకాశవాణి తన సొంత లలిత సంగీత విభాగాలను పెంచుకున్నది కూడా నిజం. 1948లో ఏర్పడిన విజయవాడ కేంద్రమూ, 1963లో వచ్చిన విశాఖపట్నం కేంద్రమూ కవుల చేత రాయించి, స్థానిక గాయకుల చేత పాడించిన గీతాలు వేల ఇళ్లలో నోటికి వచ్చాయి. అయితే రేడియో పాట ప్రసారమయ్యాక గాలిలో కలిసిపోతుంది. అంగడిలో కొనుక్కుని ఇంట్లో పెట్టుకునే వస్తువుగా అది మారలేదు. ప్లేటుగా వెలువడిన పాట పోయినా ఎక్కడో ఒక ఇంటి అటక మీద ఒక ప్రతి మిగిలే అవకాశముంది. రేడియో టేపుకు ఆ అవకాశం లేదు.

హవాయి అనుభవం ఇక్కడ పోలికకు పనికివస్తుంది. 1893లో రాజ్యం కూలి, 1898లో అమెరికాలో కలిసిపోయిన ఆ దీవుల సంగీతాన్ని తొలి దశాబ్దాల్లో బయటి కంపెనీలు పర్యాటకుల అభిరుచికి తగినట్టు మలిచాయి; ఇంగ్లీషు మాటలకు దీవుల తాళింపు వేసిన అటువంటి పాటలను అక్కడివారు హపా-హావోలే, అంటే సగం పరాయి పాటలు, అన్నారు. 1970లలో గాబీ పహినుయి వంటి పెద్దల వాద్యాన్ని పనినీ రికార్డ్స్ వంటి స్థానిక సంస్థలు వెలువరించడం, 1978లో రాష్ట్ర రాజ్యాంగం హవాయి భాషను అధికార భాషగా గుర్తించడం ఒకే సాంస్కృతిక పునరుజ్జీవనంలోని భాగాలు. అయితే ఆ కాలంలోనే హొనొలులు యువకులు జాజ్, సోల్, ఫంక్ కలిపి కట్టిన ఆధునిక గీతాలు, కొన్ని తమ ఖర్చుతోనే కొద్ది ప్రతులుగా వేసుకున్నవి, సంప్రదాయవాదులకూ పట్టలేదు, పెద్ద కంపెనీలకూ పట్టలేదు. రోజర్ బాంగ్ స్థాపించిన 'అలోహా గాట్ సోల్' అనే చిన్న సంస్థ ఇటీవలి కాలంలో ఆ సంగీతకారులను వెతికి పట్టుకుని, వారి అనుమతితో ఆ రికార్డులను మళ్లీ ముద్రిస్తున్నది. అది పాతది గనుక పవిత్రమని కాక, ఒక నగరం తన యౌవనంలో పాడుకున్న పాట గనుక నిలవాలని ఆ సంస్థ భావించింది. తెలుగు లలితగీతానికి కావలసిన దృష్టి సరిగ్గా ఇదే.

తెలుగులో ఆ దృష్టి బొత్తిగా లేకపోలేదు. బొబ్బిలి సంస్థానంతో బంధుత్వమున్న కుటుంబం నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడిన వి.ఎ.కె. రంగారావు 78 చుట్ల ప్లేట్లను వేల సంఖ్యలో సేకరించి, ఒక్కో పాటకు కవి, స్వరకర్త, గాయకుడు ఎవరో తేల్చి, హెచ్.ఎం.వి. కోసం 'అలనాటి అందాలు' అనే సంకలనాలు కూర్చాడు. కంపెనీ తాను మరిచిన పాటలను ఒక సేకర్త చేతి మీదుగా తిరిగి వెలువరించిన సందర్భమది. ప్లేటు కాగితం మీద సాధారణంగా పాట మొదటి మాటలు, గాయకుడి పేరు, సంఖ్య ఉండేవి. కవి పేరు కొన్నిసార్లు ఉండేది. వయొలిన్, క్లారినెట్, తబలా, గిటార్ వాయించినవారి పేర్లు దాదాపు ఎన్నడూ ఉండేవి కావు. ఆ మౌనాన్ని పూరించడం పాటను మళ్లీ ముద్రించడమంత ముఖ్యమైన పని. జనం పాట సంగతి వేరు. విశాఖ ఓడల కర్మాగారంలో కార్మికుడిగా పనిచేసిన వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర పలుకుబడిని గొంతెత్తి పాడినప్పుడు ఆ పాటను కవి పేరుతో సహా జనమే మోసుకుపోయారు. 2020లో వచ్చిన 'పలాస 1978' చిత్రం ఆ ప్రాంతపు జానపదాన్ని మళ్లీ వినిపించింది. జనం మోసే పాటకు ఆ బలముంది. లలితగీతానికి అది తక్కువ, ఎందుకంటే దాని అందం మాటల్లోనూ వరుసలోనూ ఉన్నంతగా ఆ ఒక్క గాత్రంలో, ఆ ఒక్క శబ్దముద్రణలో కూడా ఉంటుంది.

చట్టపు స్థితి కూడా ఈ పాటల పునర్ముద్రణను నిర్దేశిస్తుంది. 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం ప్రకారం ప్రచురణకర్త ప్రతి పుస్తకాన్నీ జాతీయ గ్రంథాలయానికీ, నిర్ణీతమైన మరికొన్ని గ్రంథాలయాలకూ పంపవలసి ఉంటుంది. గ్రామఫోన్ రికార్డుకు ఆ చట్టం వర్తించదు. విశాఖపట్నం ద్వారకా నగర్‌లోని పౌర గ్రంథాలయంలో భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రి గేయాల పుస్తకం అడిగే పాఠకుడి వెనక ప్రచురణ వ్యవస్థ, చట్టం, గ్రంథాలయోద్యమం ఉన్నాయి. అదే గేయం ప్లేటు కోసం వెతికే శ్రోత వెనక సేకర్తల ఔదార్యం తప్ప ఏదీ లేదు. ఇక 1957 నాటి కాపీరైట్ చట్టం శబ్దముద్రణకు ఇచ్చే రక్షణ, ఇప్పటి లెక్క ప్రకారం, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. సాహిత్యానికీ సంగీత రచనకూ కర్త జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్లూ. కాబట్టి 1940లలో రాజేశ్వరరావు పాడిన ప్లేటు, శబ్దముద్రణగా, ఇప్పటికే ప్రజల సొత్తు. 1980లో మరణించిన కృష్ణశాస్త్రి మాటలకు 2040 చివరిదాకా, 1999లో మరణించిన రాజేశ్వరరావు వరుసలకు 2059 చివరిదాకా, 2018లో మరణించిన రజనీకాంతరావు రచనలకు 2078 చివరిదాకా వారసుల అనుమతి కావాలి. ఒక విశాఖ సంస్థ గాని, ఒక సంగీత కళాశాల గాని ఈ పనికి పూనుకుంటే, మొదట చేయవలసినది ఆ మూడు నాలుగు కుటుంబాల అనుమతి తీసుకోవడం, మిగిలిన ప్లేట్ల జాబితా కట్టడం, పగుళ్లు లేని ప్రతిని ఎంచి, 78 చుట్ల గీతల వెడల్పుకు సరిపడే ముల్లుతో, మీద బరువు తగ్గించి, దానిని ఒక్కసారి జాగ్రత్తగా తిప్పడం.